అరవై అయిదు అంటే ఎంత?

ఆ రోజు టేకాఫ్‌కి ముందు టో పైలట్‌తో, అంటే నా గ్లైడర్‌ని తాడుతో లాగే విమానం నడిపే ఆయనతో, నేనన్న మాట ఒక్కటే. "సిక్స్‌టీ ఫైవ్, ప్లీజ్." ఆయన సరేనన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించి తన విమానం వైపు నడిచి వెళ్ళిపోయారు. మాట కుదిరిందనే ఇద్దరం అనుకున్నాం. కాసేపటికి, నేల నుంచి నాలుగు వందల అడుగుల ఎత్తులో, స్టిక్‌ని (గ్లైడర్‌ని నడిపే కర్రని) దాదాపు పొట్ట దాకా లాగి పట్టుకున్నా గ్లైడర్ కిందికి జారిపోతూనే ఉంది. ఎక్కడ తేడా వచ్చిందో నాకు తట్టలేదు.

నేనుండేది కాలిఫోర్నియాలో. వారమంతా ఆఫీసు, వారాంతంలో సెంట్రల్ వ్యాలీలో ఒక చిన్న గ్లైడర్ క్లబ్బు. గ్లైడర్‌కి ఇంజన్ ఉండదు కాబట్టి పైకి తీసుకెళ్ళడానికి ఇంకో విమానం కావాలి. మా దగ్గర ఆ పని చేసేది పైపర్ పానీ. పొలాల మీద మందు కొట్టడానికని తయారుచేసిన విమానం అది. ఒకటే సీటు, 235 హార్స్‌పవర్ ఇంజన్. దాని తోక దగ్గర 200 అడుగుల తాడు తగిలించి, రెండో కొస గ్లైడర్ ముక్కుకి తగిలిస్తారు. రెండు మూడు వేల అడుగులు ఎక్కాక గ్లైడర్ పైలట్ పసుపు రంగు పిడి లాగితే తాడు విడిపోతుంది. అక్కడి నుంచి మన ఎగరడం మనది.

కానీ తాడు ఉన్నంతసేపూ వేగం మన చేతిలో ఉండదు. బయట అందరూ మర్చిపోయే సంగతి ఇదే. కాడికి కట్టిన ఎడ్లు పక్కపక్కన నడుస్తాయి, ఒకదాని అడుగు ఇంకోదానికి తెలుస్తుంది. ఇక్కడ ముందున్న మనిషికి వెనకున్న గ్లైడర్ చిన్న అద్దంలో తప్ప కనిపించదు. వెనకున్న మనిషికి ముందాయన డయల్ కనిపించదు. ఎంత వేగంతో లాగాలన్నది నేల మీద ఉండగానే మాట్లాడుకోవాలి.

నేను నేర్చుకున్నది ష్వైజర్ 2-33 మీద. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో తయారైన పాతకాలపు శిక్షణ గ్లైడర్. నెమ్మదైనది, పొరపాట్లు ఓర్చుకుంటుంది. గంటకి 60, 65 మైళ్ళతో లాగితే చక్కగా వెనకాలే వస్తుంది. దాని స్పీడు డయల్ మైళ్ళలో ఉంటుంది. లైసెన్సు వచ్చాక గ్రోబ్ 103కి మారాను. అది జర్మన్ ఫైబర్‌గ్లాస్ గ్లైడర్. రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకి 17.5 మీటర్లు, ఇద్దరు కూర్చుంటే బరువు 580 కిలోల పరిమితికి దగ్గరగా పోతుంది. మా గ్రోబ్‌లో డయల్ నాట్స్‌లో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, మామూలు మైలు కంటే పదిహేను శాతం ఎక్కువ. పానీ డయల్ మళ్ళీ మైళ్ళలోనే.

ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. తెలియడం వేరు, రన్‌వే మీద ఎండలో చెమటలు కారుతుండగా అది గుర్తుకు రావడం వేరు.

జులై నెల, 38 డిగ్రీలు. పొద్దున్నుంచీ ఆ టో పైలట్ ఆపకుండా 2-33లనే లాగుతున్నారు. ఒకదాని తర్వాత ఒకటి, విద్యార్థులు. మధ్యాహ్నం నా వంతు వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ లేకుండా గ్రోబ్ తీసుకెళ్ళడం అదే మొదటిసారి. వెనక సీట్లో తోటి సభ్యుడొకాయన. అంతకుముందు గ్రోబ్‌లో నేను చేసిన ఫ్లయిట్లన్నీ ఇన్‌స్ట్రక్టర్‌తోనే. వేగం సంగతి ఆయనే వెళ్ళి టో పైలట్‌తో మాట్లాడి వచ్చేవారు. నేను కాక్‌పిట్‌లో కూర్చుని బెల్టులు బిగించుకుంటూ ఉండేదాన్ని. ఆయన అక్కడ "సెవెంటీ ఫైవ్" అని చెప్పేవారని నాకు తర్వాత తెలిసింది. నాకు కనిపించింది మాత్రం నా డయల్ మీద 65కి అటూ ఇటూ. అందుకే నేను 65 అడిగాను.

తాడు బిగుసుకుంది. రెక్క పట్టుకుని పరిగెత్తే కుర్రాడు వదిలేశాడు, గ్లైడర్ లేచింది. నేల విడిచేటప్పుడు బాగానే ఉంది. రెండు వందల అడుగుల దగ్గర, అందరం అలవాటుగా పైకి అన్నట్టే, "టూ హండ్రెడ్" అన్నాను. తాడు తెగితే వెనక్కి తిరగడానికి వీలయ్యే ఎత్తు అది. ఆ తర్వాత పానీ ముక్కు ఇంకొంచెం పైకి లేచింది, నా కళ్ళ ముందు అది పైకి పోతూ ఉంది. నేను దానితో సమానంగా ఉండడానికి స్టిక్ వెనక్కి లాగాను. రాలేదు. ఇంకొంచెం లాగాను. స్టిక్ వస్తోంది గానీ గ్లైడర్ రావడం లేదు. ఎడమ రెక్క దిగింది, కుడివైపు స్టిక్ వేశాను. మజ్జిగలో గరిటె తిప్పినట్టుంది, చేతికి బరువే తగల్లేదు. అంతలో పానీ వెనక సుడులు తిరిగే గాలిలోకి దిగిపోయాం. గుంతల రోడ్డు మీద బస్సు వెనక సీట్లో కూర్చున్నట్టు దడదడలాడింది.

డయల్ చూశాను. 53.

"పానీ, గ్రోబ్. ఇంకా స్పీడు కావాలి."

ఒక క్షణం ఆగి జవాబొచ్చింది. "సిక్స్‌టీ ఫైవ్‌లోనే ఉన్నాను."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు చల్లబడింది. ఆయన తప్పు చెప్పడం లేదు. నా సూదీ తప్పు చెప్పడం లేదు. "నాట్స్! సిక్స్‌టీ ఫైవ్ నాట్స్!" అన్నాను. గొంతు పెరిగింది, అది నాకే వినబడింది.

ఆయన ఒక్కసారిగా ముక్కు దించలేదు. అలా దించి ఉంటే ఆయన కిందికి పోయి, నేను ఆయన నెత్తి మీదికి వెళ్ళేదాన్ని. కొద్దికొద్దిగా దించారు. 55. 58. 62. స్టిక్‌లో బరువు తిరిగి రావడం అరచేతికి తెలిసింది. రెక్కల చివర్లలో ఉండి గ్లైడర్‌ని పక్కకి వంచే పలకలు, ఐలరాన్లు, మాట విన్నాయి. మెల్లగా సుడిగాలి దాటుకుని పైకి వచ్చి, 66 దగ్గర మళ్ళీ పానీ వెనక సరైన చోట నిలబడ్డాను. వెనక సీట్లోంచి ఆయన అప్పుడు గట్టిగా ఊపిరి వదిలారు. అంతవరకూ ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు, నాకు అడ్డు రాలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

దిగాక నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒకటుంది. గ్రోబ్ స్టాల్ అయ్యేది, అంటే రెక్కలు ఇక బరువు మోయలేకపోయేది, సుమారు 40 నాట్స్ దగ్గర. 53 అంటే దానికి చాలా పైన. ఒంటరిగా ఎగిరేటప్పుడు అదే 53లో హాయిగా ఉంటుంది, థర్మల్స్‌లో, అంటే పైకి లేచే వేడిగాలిలో, అంతకంటే నెమ్మదిగా కూడా తిరుగుతాం. మరి తాడు వెనక ఎందుకలా అయింది?

ఇన్‌స్ట్రక్టర్ హ్యాంగర్ నేల మీద, దుమ్ములో వేలితో గీసి చూపించారు. ముందు వెళ్ళే విమానం రెక్క గాలిని కిందికి నొక్కుతూ పోతుంది. పానీ రెక్కల పొడవు 36 అడుగులు, గ్రోబ్‌వి 57. అంటే నా రెక్కల మధ్యభాగం ఆ కిందికి దిగే గాలిలో ఉంటుంది, చివర్లు మాత్రం దాని బయట, పైకి లేచే గాలిలో ఉంటాయి. మధ్యభాగం తన వంతు బరువు మోయదు. ఆ లోటు పూడ్చడానికి నేను స్టిక్ లాగుతాను. లాగిన కొద్దీ చివర్ల మీద భారం పెరుగుతుంది, అవి స్టాల్‌కి దగ్గరవుతాయి. ఐలరాన్లు ఉండేది ఆ చివర్లలోనే. అందుకే డయల్ మీద అంకె నిక్షేపంగా కనిపిస్తున్నా చేతికి గ్లైడర్ చచ్చుబడినట్టు తగులుతుంది. ఇది చదివి ఏ గ్లైడర్ విద్యార్థికైనా ఒక్క సంగతి గుర్తుంటే చాలు: తాడు వెనక నెమ్మదిగా పోతుంటే స్టిక్ ఇంకా లాగడం మందు కాదు, జబ్బు ముదరడమే.

ఆ సాయంత్రం పానీ పక్కన నీడలో నేనూ ఆ టో పైలట్‌గారూ కూర్చున్నాం. డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు పొలాలకి మందు కొట్టే విమానాలు నడిపారట. నన్ను తిడతారేమోనని కొంచెం భయపడ్డాను. ఆయన ముందు క్షమించమని అడిగారు. నేనూ అడిగాను. తర్వాత నేను మా వైపు సంగతి ఒకటి చెప్పాను. మాది తెనాలి దగ్గర పల్లె, మా ఆయనది సూర్యాపేట వైపు. పెళ్ళయిన కొత్తలో మా మామగారు ఫోన్‌లో ఇరవై అమ్ముతున్నామని చెబితే, మా నాన్న ఇరవై సెంట్లు అనుకున్నారు. మామగారన్నది ఇరవై గుంటలు. సెంట్లు అయితే ఎకరంలో అయిదో వంతు, గుంటలైతే అర ఎకరం. రెండు రోజులు ఇద్దరూ అదే భూమి గురించి మాట్లాడారు, ఇద్దరి లెక్కలూ ఎక్కడా కలవలేదు. టో పైలట్‌గారు విని చాలాసేపు తల ఊపారు. "అక్కడ పోయేది డబ్బు," అన్నారు.

ఆయన తన వైపు చెప్పినప్పుడు నాకు కొత్త సంగతులు తెలిశాయి. నాకు అప్పటిదాకా నెమ్మదిగా లాగడమే ప్రమాదం అనిపించింది. ఆయన భయం వేరు. తేలిక గ్లైడర్‌ని వేగంగా లాగితే అది గాలిపటంలా పైకి లేస్తుంది. విద్యార్థి స్టిక్ ముందుకి తొయ్యడం ఆలస్యం చేస్తే తాడు టో విమానం తోకని పైకి ఎత్తేస్తుంది. తోక లేచిందంటే ముక్కు నేలవైపు తిరిగినట్టే. "నాకొకసారి అయింది," అన్నారాయన. "అద్దంలో గ్లైడర్ ఉంది, కళ్ళు పక్కకి తిప్పి మళ్ళీ చూశాను, అద్దంలో ఆకాశమే ఉంది. మరుక్షణం ముందు అద్దం నిండా నేల." ఆ మాట చెబుతుంటే ఆయన కుడిచెయ్యి తనంతట తనే కిందికి పోయి, అక్కడ లేని రిలీజ్ పిడి కోసం వెతికింది. ఆయనకి ఎత్తు కలిసొచ్చింది, తాడు వదిలేశారు, బతికారు. పొద్దున్నుంచీ 2-33 విద్యార్థులని లాగుతున్న మనిషి 65 మైళ్ళు దాటకుండా ఎందుకంత జాగ్రత్తగా ఉన్నారో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన జాగ్రత్తే నా గ్రోబ్‌కి ముప్పు అయింది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన 91.309లో ఇది రాసే ఉంది. లాగే పైలట్, గ్లైడర్ పైలట్ ముందే ఒక మాట మీద ఉండాలి: టేకాఫ్, రిలీజ్ సంకేతాలు, వేగాలు, ఎమర్జెన్సీలో ఎవరేం చెయ్యాలి. నేను ఆ వాక్యం కంఠతా పట్టాను. కానీ మేమిద్దరం ఆ రోజు చేసింది మాట మీద ఉండడం కాదు, ఒక అంకె అటు విసిరి ఇటు పట్టుకోవడం.

తర్వాతి శనివారం ఆయన ఒక పని చేద్దామన్నారు. పొద్దున్నే గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు నన్ను గ్రోబ్‌లో లాగుతూ, రెండు వేల అడుగులు దాటాక, ఆయన తన డయల్ మీద ఒక అంకె పట్టి నిలుపుతారు, నా డయల్ ఎంత చూపిస్తోందో నేను రేడియోలో చెప్పాలి. మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద రాసుకున్నాను. లెక్క ప్రకారం ఆయన 75 మైళ్ళు అంటే నాకు 65 నాట్స్ రావాలి. వచ్చింది 62. ఆయన 78 దగ్గర పట్టినప్పుడు నాకు 65 వచ్చింది. రెండు డయల్స్‌లో ఏది నిజమో మేము తేల్చలేదు. గ్లైడర్ మాన్యువల్‌లో ఉన్న అంకెలు గ్లైడర్ డయల్‌కి సంబంధించినవి కాబట్టి, నా సూది చెప్పిందే లెక్క అనుకున్నాం. ఈ పానీ, ఈ గ్రోబ్ కలిస్తే 78. ఇంకో పానీ వస్తే మళ్ళీ చూసుకోవాలి.

ఇక అసలైన చర్చ అంకెల గురించి కాదు, అంకె తప్పినప్పుడు ఏం చెయ్యాలన్నది. అక్కడే మాకు ఎక్కువసేపు పట్టింది. అమెరికాలో వాడే సంకేతాల ప్రకారం గ్లైడర్ రెక్కలు అటూ ఇటూ ఊపితే వేగం పెంచమని, తోక ఊపితే తగ్గించమని అర్థం. అదే టో విమానం రెక్కలు ఊపితే గ్లైడర్ వెంటనే తాడు వదిలెయ్యాలి. అది తోక ఊపితే నీ ఎయిర్‌బ్రేకులు (రెక్కల మీద లేచి గ్లైడర్‌ని కిందికి దించే పలకలు) తెరుచుకున్నాయేమో చూసుకో అని. నాకు వేగం కావలసింది ఐలరాన్లు చచ్చుబడ్డప్పుడే. ఆ స్థితిలో రెక్కలు ఊపమంటే ఎలా? ఆయన ఆ సంగతి అంతకుముందు ఆలోచించలేదన్నారు. చివరికి ఇలా ఒప్పుకున్నాం. ముందు రేడియో. రేడియోలో "ఫాస్టర్" అనే మాటతో పాటు ఎన్ని నాట్స్ పెంచాలో చెప్పాలి. జవాబు రాకపోయినా, చేతిలో పట్టు ఉంటేనే రెక్కలు ఊపాలి. స్టిక్ వెనక్కి ఉండగానే గ్లైడర్ దిగుతూ ఉంటే ఇక అడగడాలు లేవు.

"నీకు స్టాల్ అవుతోందనిపిస్తే నన్ను అడగకు, తాడు వదిలెయ్," అన్నారాయన. "నువ్వు అద్దంలో నాకు పైకి పోయి కనబడకుండా పోతే నేనూ నిన్ను అడగను."

మర్యాదగా మాట్లాడే పెద్దమనిషి నోటి నుంచి ఆ మాట వింటే కొంచెం కఠినంగానే అనిపించింది. కానీ నాకు ధైర్యం కూడా అక్కడే వచ్చింది. ఎవరి ప్రాణం కోసం ఎవరు ఏ పిడి లాగుతారో ఇద్దరికీ తెలుసు. తర్వాత దాని గురించి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

క్లబ్బులో అందరూ వెంటనే ఒప్పుకోలేదు. ఒక పాత సభ్యుడు, నాకంటే ఎన్నో రెట్లు అనుభవం ఉన్నాయన, ఇన్నేళ్ళూ బొటనవేలు చూపించే ఎగిరామని, ప్రతి టేకాఫ్‌కి ముందూ ఇలా పంచాయతీ పెడితే లైను కదలదని అన్నారు. లైను సంగతి నిజమే. వేసవి మధ్యాహ్నం ఎండలో ఆరుగురు వరసలో నిలబడి ఉంటే రెండు నిమిషాలు కూడా చాలా ఎక్కువ. కానీ మాకు కావలసింది రెండు నిమిషాలు కాదు, రెండు వాక్యాలు. నేను మళ్ళీ మళ్ళీ చెప్పాను, ఆయన మళ్ళీ మళ్ళీ కాదన్నారు. ఈ విషయంలో మాత్రం వెనక్కి తగ్గకూడదనుకున్నాను.

కొన్ని వారాలకి ఆయనే తగ్గారు. పానీ ఆ మధ్యాహ్నం మూడు గ్రోబ్ టోలు వరసగా చేసి, నాలుగోది 2-33 తగిలించుకుంది. అందులో సోలో చెయ్యబోతున్న కుర్రవాడు ఆయన మనవడి వయసువాడు. టో పైలట్ ఎక్కబోతూ "ఏ స్పీడు?" అని అడిగితే ఆ కుర్రవాడు బొటనవేలు ఎత్తబోయాడు. పాత సభ్యుడు రెక్క దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనే గట్టిగా "ఎంతో నోటితో చెప్పు, మైళ్ళలో చెప్పు," అన్నారు. కుర్రవాడు "సిక్స్‌టీ ఫైవ్ మైల్స్" అన్నాడు, టో పైలట్ అదే తిరిగి చెప్పారు. అప్పటిదాకా ఆయన చేతులు 78కి అలవాటు పడి ఉన్నాయి.

ఇప్పుడు పానీ డయల్ పక్కన ఒక చిన్న కార్డు అంటించి ఉంది. మా క్లబ్బు గ్లైడర్లన్నిటికీ కావలసిన వేగాలు పానీ మైళ్ళలో, పక్కన అదే గ్లైడర్ డయల్ మీద ఎంత కనబడాలో. చేతిరాత నాది. మొదటిసారి రాసిన కార్డు ఎండకి వెలిసిపోతే ఇంకోటి రాసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాం. బయటి క్లబ్బుల నుంచి గ్లైడర్ తెచ్చుకునేవాళ్ళకి కార్డులో చోటు లేదు. కొందరి డయల్స్ గంటకి కిలోమీటర్లలో ఉంటాయి. వాళ్ళతో మాత్రం కూర్చునే మాట్లాడాలి.

పోయిన ఆదివారం గ్రోబ్‌లో కూర్చుని కానపీ (పైన ఉండే అద్దపు మూత) మూయబోతుంటే ఆ టో పైలట్‌గారు వచ్చి అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను నోరు తెరవకముందే "ఎంత? దేంట్లో?" అని అడిగారు.

"సిక్స్‌టీ ఫైవ్ నాట్స్. నా సూది 60 కంటే కిందికి దిగితే పిలుస్తాను."

"నా దాంట్లో 78 మైళ్ళు. పిలిచినప్పుడు మెల్లగా పెంచుతాను."

తాడు బిగిసింది. రిలీజ్ చేసేదాకా సూది 64కీ 67కీ మధ్యే ఆడింది. రెండు వేల ఏడు వందల అడుగుల దగ్గర పసుపు పిడి లాగాను. ఆయన ఎడమవైపు దిగిపోయారు, నేను కుడివైపు తిరిగాను.